హై రిస్క్, పాజిటివ్, రియాక్టివ్: రిపోర్టులో అంకె అసలు ఏం చెబుతోంది?

శ్రావణి, కాకినాడ

అందరికీ నమస్కారం. మా వదినకు ఇప్పుడు పన్నెండో వారం. వయసు 31. పిండం మెడ వెనక ద్రవాన్ని కొలిచే ఎన్‌టీ స్కాన్ తీసి, దానితో పాటు డబుల్ మార్కర్ రక్తపరీక్ష కూడా చేశారు. నిన్న రాత్రి రిపోర్టు ఫోనుకు వచ్చింది. డౌన్ సిండ్రోమ్ (క్రోమోజోము తేడాతో పుట్టుకతోనే వచ్చే సమస్య) అన్న గడికి ఎదురుగా 1:180, పక్కనే ఎర్రటి అక్షరాల్లో హై రిస్క్. డాక్టరు గారు సోమవారం రమ్మన్నారు. ఈలోగా ఇంట్లో ఎవరికీ అన్నం సహించడం లేదు. ఈ పరీక్ష 90 శాతం కచ్చితమైనది కాబట్టి బిడ్డకు జబ్బు ఉండే అవకాశం 90 శాతం అని అన్నయ్య ఎక్కడో చదివి వచ్చాడు. 1:180 ఎక్కడ, 90 శాతం ఎక్కడ? నాకు ఈ లెక్క పొసగడం లేదు. తెలిసినవారు చెప్పగలరా?

లెక్కల మాస్టారు

అమ్మా శ్రావణీ, మీ అనుమానమే సరైనది. ఇలాంటి ఫలితమే వచ్చిన 180 మంది తల్లులను తీసుకుంటే, ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉంటుంది, 179 మంది బిడ్డలకు ఉండదు. 1:180 అంటే ఇంతే. శాతంలో చెప్పాలంటే అర శాతం కన్నా పిసరంత ఎక్కువ.

మీ అన్నయ్య చెప్పిన 90 కూడా అబద్ధం కాదు. కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డను మోస్తున్న వంద మందికి స్కాన్, రక్తపరీక్ష కలిపి చేస్తే 85 నుంచి 90 మందిని పట్టుకుంటాయి. దీనిని సెన్సిటివిటీ అంటారు. మీ ఇంట్లో వాళ్లకు కావలసింది దీనికి తిరగేసిన ప్రశ్న: పట్టుబడిన వాళ్లలో జబ్బు నిజంగా ఉన్నది ఎందరికి?

పదివేల మంది గర్భిణులను ఊహించుకోండి. వెయ్యికి ఒకరి చొప్పున పది మంది బిడ్డలకు ఈ సమస్య ఉందనుకుందాం. పరీక్ష తొమ్మిదింటిని పట్టుకుంది. మిగిలిన 9,990 మందిలో ఐదు శాతానికి, అంటే దాదాపు 500 మందికి, ఏమీ లేకుండానే హై రిస్క్ అని వస్తుంది. ఈ ఐదు శాతం ఎవరి నిర్లక్ష్యం వల్లా వచ్చింది కాదు, పరీక్షను అమర్చుకున్న తీరే అది. హై రిస్క్ అనడానికి పెట్టుకున్న గీతను బిగిస్తే ఉత్తుత్తి హెచ్చరికలు తగ్గుతాయి, కానీ దొరక్కుండా పోయే కేసులు పెరుగుతాయి. మొత్తం 509 ఎర్ర రిపోర్టులు, నిజమైనవి 9. దాదాపు 57లో ఒకటి.

సందేహాల పుట్ట

మాస్టారూ, ఒక మెలిక ఉంది. మీ లెక్కలో 57లో ఒకటి, రిపోర్టులో 180లో ఒకటి. ఏది నమ్మాలి?

లెక్కల మాస్టారు

రెండూ నిజమే. 57 అన్నది గీత దాటిన వాళ్లందరినీ కలిపి తీసిన సగటు. చాలా ల్యాబులు 1:250 దగ్గర గీత గీస్తాయి. 1:5 వచ్చినామెకూ 1:240 వచ్చినామెకూ అచ్చయ్యేది అవే రెండు మాటలు. శ్రావణి గారి వదిన ఆ గీతకు దగ్గర్లోనే ఉన్నారు. అందుకే ఎర్ర అక్షరాలను వదిలేసి అంకెను చూడమంటాను.

ఆ అంకె ఎలా పుడుతుందో కూడా చెబుతాను. మొదట తల్లి వయసు. 25 ఏళ్ల తల్లికి ప్రసవ సమయానికి ఈ అవకాశం దాదాపు 1,250లో ఒకటి, 40 ఏళ్ల తల్లికి దాదాపు వందలో ఒకటి. అక్కడ మొదలుపెట్టి, పిండం మెడ వెనక ఉన్న ద్రవం మందాన్ని బట్టి ఒకసారి, రక్తంలోని పాప్-ఎ, ఫ్రీ బీటా హెచ్‌సీజీ అనే రసాయనాలను బట్టి మరోసారి ఆ అవకాశాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోతారు. థామస్ బేయస్ అనే ఇంగ్లండు మతబోధకుడు, కొత్త సమాచారం అందినప్పుడు అవకాశాన్ని ఎలా సవరించుకోవాలో ఒక వ్యాసం రాసి, అచ్చు వేయకుండానే చనిపోయాడు. స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ దానిని 1763లో వెలుగులోకి తెచ్చాడు. ల్యాబు కంప్యూటర్ చేస్తున్నది ఆ వ్యాసంలోని పనే. వయసు ఆ 1:180లో అప్పటికే కలిసిపోయింది కాబట్టి, 30 దాటింది కదా అని మళ్లీ విడిగా భయపడనక్కరలేదు.

తెల్లకోటు

ప్రసూతి వైద్యురాలిని. మాస్టారు లెక్క సరిగ్గా చెప్పారు, నేను కాగితం సంగతి చెబుతాను. శ్రావణి గారూ, రిపోర్టు పైభాగంలో మీ వదిన పుట్టిన తేదీ, బరువు, స్కాన్ జరిగిన తేదీ, సీఆర్‌ఎల్ అని మిల్లీమీటర్లలో ఉండే పిండం పొడవు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. ఈ రక్త రసాయనాలు వారం వారం మారిపోతాయి. గర్భం వయసు తప్పుగా ఎక్కితే మిగతా లెక్కంతా తప్పుతుంది. కవలలా, ఐవీఎఫ్ గర్భమా, తల్లికి షుగరు ఉందా అన్నవి కూడా నింపాలి. హడావుడిలో ఈ గడులు ఖాళీగా వదిలేసిన ఫారాలు నేను చాలా చూశాను.

అన్నీ సరిగ్గానే ఉంటే దారులు రెండు. ఒకటి ఎన్‌ఐపీటీ. తల్లి రక్తంలో తిరిగే మాయ (ప్లాసెంటా) తాలూకు డీఎన్‌ఏ ముక్కలను లెక్కించే పరీక్ష. ఖరీదు ఎక్కువ, బిడ్డకు ప్రమాదం లేదు. రెండోది సూదితో నమూనా తీసి క్రోమోజోములనే చూడటం: ఇప్పుడైతే మాయ నుంచి తీసే సీవీఎస్, 15 వారాలు దాటాక ఉమ్మనీటి నుంచి తీసే ఆమ్నియో. వీటితో గర్భస్రావం ముప్పు కొద్దిగా ఉంటుంది, చేయి తిరిగిన చోట అర శాతం లోపే. ఏది ఎంచుకోవాలన్నది దంపతులు డాక్టరుతో కూర్చుని తేల్చుకోవలసిన విషయం. సోమవారం దాకా ఆగితే నష్టమేమీ లేదు.

ముందే ఒక మాట: ఎన్‌ఐపీటీ చేయిస్తే ఆడో మగో తెలుస్తుందా అని ఇక్కడ ఎవరూ అడగొద్దు. అడగడం, చెప్పడం రెండూ నేరం.

శ్రావణి, కాకినాడ

చాలా ధన్యవాదాలండీ. బరువు గడి ఖాళీగా ఉంది! ల్యాబుకు ఫోను చేస్తాను. ఒకవేళ ఎన్‌ఐపీటీ పాజిటివ్ వస్తే మాత్రం ఇక ఖాయమేనా? అది 99 శాతం అంటున్నారు.

లెక్కల మాస్టారు

మళ్లీ అదే 99! సరే, మీ వదిన లాగా 1:180 వచ్చిన 18,000 మందిని తీసుకుందాం. వారిలో వంద మంది బిడ్డలకు సమస్య ఉంది, 17,900 మంది బిడ్డలకు లేదు. ఎన్‌ఐపీటీ వందలో 99ని పట్టుకుంటుంది. తప్పుడు పాజిటివ్ వెయ్యికి ఒకటి అనుకుంటే 17,900 మందిలో 18 మంది. మొత్తం పాజిటివ్‌లు 117, నిజమైనవి 99. అంటే దాదాపు 85 శాతం. ఖాయం కాదు, కానీ తేలిగ్గా తీసుకునేదీ కాదు. నెగటివ్ వచ్చిన దాదాపు 17,900 మందిలో తప్పిపోయేది ఒక్కరు.

ఇప్పుడు ఇదే పరీక్షను ముందు ఏ వడపోతా లేకుండా 25 ఏళ్ల అమ్మాయిలకు నేరుగా చేయండి. లక్ష మందిలో ఓ వంద కేసులు ఉంటే 99 దొరుకుతాయి, తప్పుడు పాజిటివ్‌లు మరో వంద. పాజిటివ్ వచ్చినా సగం సగమే! కిట్టు అదే, యంత్రం అదే. మారిందల్లా పరీక్ష బల్ల ముందు కూర్చున్న మనిషి ఎవరన్నదే.

తెల్లకోటు

అందుకే ఎన్‌ఐపీటీ పాజిటివ్ అయినా, సూది పరీక్షతో నిర్ధారించుకోకుండా ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. పైగా అది చూసేది మాయ డీఎన్‌ఏను. మాయలో తేడా ఉండి బిడ్డలో లేని సందర్భాలు ఉంటాయి.

సందేహాల పుట్ట

ఇదంతా డాక్టర్లకు చదువులోనే నేర్పుతారు కదా? మరి పాజిటివ్ అనగానే జబ్బు ఉన్నట్టే మాట్లాడతారెందుకు?

లెక్కల మాస్టారు

నేర్పుతారు. పరీక్ష రాశాక మర్చిపోతారు. నేనంటున్నది కాదు, 1978లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన సంగతి. హార్వర్డ్ ఆసుపత్రుల్లోని డాక్టర్లు, విద్యార్థులు కలిపి 60 మందిని ఒక ప్రశ్న అడిగారు. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు, తప్పుడు పాజిటివ్ రేటు ఐదు శాతం, ఒకరికి పాజిటివ్ వచ్చింది. ఆ మనిషికి జబ్బు ఉండే అవకాశం ఎంత? దాదాపు సగం మంది 95 శాతం అన్నారు. సరైన జవాబు దాదాపు రెండు శాతం. అది చెప్పింది 11 మంది.

గెర్డ్ గిగెరెంజర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త తర్వాత చూపించింది ఏమిటంటే, ఇదే ప్రశ్నను శాతాల్లో కాకుండా ‘వెయ్యి మందిలో ఇంతమంది’ అని అడిగితే సరిగ్గా చెప్పేవాళ్లు బాగా పెరుగుతారు. పైన నేను పదివేల మంది, 18,000 మంది అంటూ పోయింది అందుకే. తరగతిలో బేయస్ సూత్రం రాసి బోర్డు నింపితే మొహాలన్నీ తెల్లబోతాయి. మనుషులను లెక్కపెట్టమంటే చివరి బెంచీ కూడా చెబుతుంది.

ల్యాబ్ రమణ

చర్చ డౌన్ సిండ్రోమ్ దగ్గరే ఆగిపోయింది గానీ, మన రెండు రాష్ట్రాల్లో ఈ లెక్క రోజూ తప్పుతున్నది టైఫాయిడ్ కోసం చేసే వైడల్ పరీక్ష దగ్గర. నేను పాతికేళ్లుగా ల్యాబు టెక్నీషియన్‌ని, కడుపులో ఉన్నది కక్కేస్తాను.

వైడల్ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం: గాజు పలక మీద రక్తం నుంచి వేరుచేసిన ఒక చుక్క సీరం, దాని మీద టైఫాయిడ్ క్రిమితో తయారైన ఒక చుక్క యాంటిజెన్ ద్రవం. పుల్లతో కలిపి, పలకను నిమిషం సేపు అటూ ఇటూ ఊపుతాం. ద్రవం నున్నగా ఉండిపోతే నెగటివ్. పాలు విరిగినట్టు రవ్వలు తేలితే పాజిటివ్. అప్పుడు సీరాన్ని పలచన చేస్తూ 1:80, 1:160 దాకా చూస్తాం. ఫ్రాన్సులో ఫెర్నాండ్ వైడల్ 1896లో పెట్టిన పద్ధతి. అప్పట్లో గొప్పదే.

తంటా ఏమిటంటే ఈ పరీక్ష క్రిమిని చూడదు, మన ఒంట్లోని యాంటీబాడీలను చూస్తుంది. టైఫాయిడ్ తిరిగే ప్రాంతంలో పుట్టి పెరిగిన వాడికి ఎప్పుడో తగిలిన క్రిమి గుర్తులు రక్తంలో ఉంటూనే ఉంటాయి. సాల్మొనెల్లా జాతిలోని వేరే క్రిములు సోకినా, కొన్నిసార్లు మలేరియా జ్వరంలోనూ రవ్వలు కనిపిస్తాయి. వానాకాలంలో జ్వరంతో వచ్చిన వాళ్లలో డెంగీ వాళ్లు, మామూలు వైరల్ జ్వరం వాళ్లు ఎక్కువ. వాళ్లందరికీ వైడల్ చేస్తే కొందరికి 1:80 తేలుతుంది. రిపోర్టు చూసి టైఫాయిడ్ అంటారు, యాంటీబయాటిక్ రాస్తారు. వైరల్ జ్వరం దానంతట అదే ఐదారు రోజుల్లో తగ్గుతుంది, పేరు మాత్రం మందుకు వస్తుంది. మళ్లీ ఏడాది అదే మనిషి వచ్చి ‘నాకు ఏటా టైఫాయిడ్ వస్తుందండీ’ అంటాడు!

ఒక్కసారి చేసిన వైడల్‌తో తేల్చకూడదు. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, టైటర్ (ఎంత పలచన చేసినా రవ్వలు కనిపిస్తున్నాయన్న అంకె) నాలుగు రెట్లు పెరిగిందో లేదో చూడాలని పుస్తకాల్లోనే ఉంది. రెండోసారి రక్తం ఇవ్వడానికి ఎవరొస్తారు?

వెంకట్, డాలస్

రమణ గారూ, మరి బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూడటం) చేయవచ్చు కదా?

ల్యాబ్ రమణ

చేయాలి, అదీ మొదటి వారంలో, యాంటీబయాటిక్ పడకముందే. అయితే మా దగ్గరికి వచ్చేసరికి మందుల షాపులో కొన్న మాత్రలు మూడు పూటలు మింగే వస్తారు. ఏ మందూ పడని రోగిలోనూ కల్చర్ పట్టుకునేది దాదాపు 60 శాతం కేసులనే. క్రిమి పెరిగిందంటే మాత్రం తిరుగులేదు. పెరగలేదంటే టైఫాయిడ్ లేదని రాసివ్వలేం. వైడల్‌కు పాజిటివ్ మాటను నమ్మలేం, కల్చర్‌కు నెగటివ్ మాటను నమ్మలేం.

కౌన్సెలర్, కర్నూలు

నేను హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో పనిచేస్తాను. మాస్టారు చెప్పిన ‘బల్ల ముందు కూర్చున్నది ఎవరు’ అన్న మాట మా దగ్గర అంకెలతో సహా కనిపిస్తుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వారిలో హెచ్‌ఐవీ దేశం మొత్తం మీద 0.21 శాతం, తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, మిజోరంలో 2.70. మాస్టారూ, లక్షకు ఐదు వందల తప్పుడు పాజిటివ్‌లు ఇచ్చే కిట్టు ఒకటి ఉందనుకుని, ఈ నాలుగింటికీ లెక్క వేసి పెట్టగలరా? కొత్తగా చేరిన మా సిబ్బందికి చూపిస్తాను.

లెక్కల మాస్టారు

జబ్బు ఉన్న వాళ్లందరినీ పట్టుకుంటుందనే అనుకుని వేశాను. లక్ష మందిలో దేశ సగటున 210 మందికి నిజంగా ఉంది, మరో 500 మందికి ఉత్తినే రియాక్టివ్, అంటే లేకున్నా కిట్టు ఉందని చూపిస్తుంది. కాబట్టి మొదటి కిట్టులో రియాక్టివ్ వచ్చిన మనిషికి నిజంగా ఉండే అవకాశం 30 శాతం. ఇదే పద్ధతిలో తెలంగాణలో 48, ఆంధ్రలో 57, మిజోరంలో 84. అందరినీ చీటీ వేసి తీసినట్టు ఎంచుకుని పరీక్షిస్తేనే ఈ అంకెలు. లక్షణాలతోనో, భాగస్వామికి ఉందని తెలిసో వచ్చిన వాళ్లకు లెక్క వేరు.

కౌన్సెలర్, కర్నూలు

సరిగ్గా అందుకే లక్షణాలు లేని మనిషికి ఒక్క కిట్టుతో పాజిటివ్ అని మేం ఎప్పుడూ చెప్పం. మొదటిది రియాక్టివ్ వస్తే వేరే యాంటిజెన్‌తోనో వేరే సూత్రంతోనో పనిచేసే రెండో కిట్టు, మూడో కిట్టు. మూడూ ఒకే మాట చెబితేనే పాజిటివ్. మాటలు కలవకపోతే రెండు వారాలాగి మళ్లీ రమ్మంటాం.

రక్తనిధిలో దీనికి తలకిందులు. అక్కడ ఒక్క పరీక్షలో రియాక్టివ్ వచ్చినా ఆ సంచీ పారేస్తారు. మంచి రక్తం కొంత వృథా అయితే కావచ్చు, చెడ్డ సంచీ ఒక్కటి కూడా రోగికి ఎక్కకూడదు. దాత మాత్రం భయపడి మా దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. అతడితో గంట సేపు మాట్లాడటం మా పని.

సందేహాల పుట్ట

వేరే కిట్టు ఎందుకు? అదే కిట్టుతో మూడుసార్లు చేసినా తప్పు జరిగే అవకాశం తగ్గాలి కదా. 0.5 శాతాన్ని మూడుసార్లు గుణిస్తే దాదాపు సున్నా.

లెక్కల మాస్టారు

ఆ గుణకారం చెల్లాలంటే మూడు తప్పులూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. ఒక మనిషి రక్తంలో ఏదో యాంటీబాడీ ఆ కిట్టులోని ప్రొటీన్‌కు పొరపాటున అతుక్కుంటోందనుకోండి. అదే కిట్టు మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు వేసినా అలాగే అతుక్కుంటుంది. నమూనా మారిపోవడం, చేయి జారడం లాంటి పొరపాట్లు మాత్రమే మళ్లీ చేస్తే దొరుకుతాయి. స్వతంత్ర ఘటనలు అన్న మాటను ఇంటర్మీడియట్‌లో నాణేలతో నేర్పి వదిలేస్తాం. దాని అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది.

పాడేరు ఎంవో

ఏజెన్సీలో మెడికల్ ఆఫీసర్‌ని. మా దగ్గర సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్షలు నడుస్తున్నాయి. 2023 జులైలో మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద, 40 ఏళ్ల లోపు వారిని ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. మొదట సాల్యుబిలిటీ పరీక్ష. చిన్న గొట్టంలో మందు ద్రవం పోసి అందులో రక్తం కలుపుతాం. వెనక నల్లగీతలున్న కాగితం పెడితే గీతలు స్పష్టంగా కనిపించాలి. ద్రవం మసకబారి గీతలు మాయమైతే పాజిటివ్. చవక, కరెంటు అక్కరలేదు, అంగన్‌వాడీ అరుగు మీదే అయిపోతుంది.

కానీ ఈ పరీక్షకు వాహకుడూ (తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే జబ్బు జన్యువు వచ్చినవాడు) రోగీ ఒక్కటే, ఇద్దరికీ మసకే. వాహకుడికి సాధారణంగా ఏ బాధా ఉండదు, రోగికి జీవితాంతం వైద్యం కావాలి. తేడా తేల్చాలంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రం దాకా నమూనా వెళ్లాలి. ఆ రిపోర్టు వచ్చేలోపు ఊళ్లో ‘వాళ్ల ఇంట్లో రక్తం జబ్బు’ అన్న మాట పుట్టేస్తుంది. పెళ్లి సంబంధం తప్పిపోయిందని ఏడ్చిన తల్లిని చూశాను. ఆ అమ్మాయి తీరా చూస్తే వాహకురాలు. పాజిటివ్ అన్న మాటను రెండో రిపోర్టు రాకముందు గడప దాటనివ్వొద్దని మా ఏఎన్‌ఎంలకు చెబుతూనే ఉంటాను.

వెంకట్, డాలస్

అందరూ తప్పుడు పాజిటివ్‌ల గురించే మాట్లాడుతున్నారు. నాదొక వేరే అనుభవం. గుంటూరులో ఉన్న మా నాన్నగారికి ఏ లక్షణమూ లేకుండా ఊరికే చేయించిన పీఎస్‌ఏ అనే రక్తపరీక్షలో ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేయించాం. ఇప్పటికీ పొద్దున్నే నడకకు వెళుతున్నారు. ఆ పరీక్ష లేకపోతే ఏమయ్యేదో. నూరు తప్పుడు పాజిటివ్‌లు వచ్చినా ఒక్క ప్రాణం దక్కితే చాలదా?

తెల్లకోటు

వెంకట్ గారూ, నాన్నగారు ఆరోగ్యంగా ఉండటం సంతోషం. ఆయన విషయంలో ఆ పరీక్ష ప్రాణం కాపాడిందో లేదో నాకు తెలియదు, ఆయనకు ఆపరేషన్ చేసిన డాక్టరుకూ తెలియదు. చిత్రంగా అనిపించవచ్చు గానీ విషయం అదే. కొన్ని ప్రోస్టేట్ క్యాన్సర్లు ఎంత మెల్లగా పెరుగుతాయంటే, మనిషి వాటితోనే బతికి, వేరే కారణంతో పోతాడు. వాటిని వెతికి పట్టుకుని కోసినా ఆయుష్షు పెరగదు. కోత వల్ల మూత్రం ఆగకపోవడం లాంటి ఇబ్బందులు మాత్రం మిగలవచ్చు.

యూరప్‌లో దీని మీద పెద్ద అధ్యయనం జరిగింది. 23 ఏళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. పీఎస్‌ఏకు పిలిచిన వారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. అంటే ప్రయోజనం ఉంది. అయితే ఒక్క మరణం తప్పాలంటే 456 మందిని పరీక్షకు పిలవాలి, మామూలుగా బయటపడే వాటికన్నా అదనంగా 12 మందికి క్యాన్సర్ ఉందని చెప్పాలి. ఆ పన్నెండు మందీ తమను కాపాడింది పరీక్షే అనుకుంటారు. అందులో ఒక్కరి మాట నిజం.

వెంకట్, డాలస్

కానీ పరీక్షలో దొరికిన వాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారని ఆసుపత్రులే చెబుతున్నాయి కదా. ఐదేళ్ల మనుగడ శాతం అదీ ఇదీ అని.

లెక్కల మాస్టారు

అది గడియారాన్ని ఎక్కడ మొదలుపెట్టారన్న గొడవ. ఒకాయన 70వ ఏట క్యాన్సర్‌తో పోయారు. 67లో లక్షణాలతో బయటపడి ఉంటే మూడేళ్లు బతికినట్టు, ఐదేళ్ల జాబితాలో ఆయన లేరు. అదే జబ్బు స్క్రీనింగ్‌లో, అంటే లక్షణాలు లేకుండానే చేసే పరీక్షలో, 60కే దొరికి ఉంటే పదేళ్లు బతికినట్టు, ఐదేళ్ల మనుగడలో ఆయన విజయం. రెండు కథల్లోనూ పోయింది 70లోనే. ఆయన అదనంగా బతికిందేమీ లేదు, రోగినని తెలిసి బతికిన ఏళ్లు పెరిగాయి. స్క్రీనింగ్ పనిచేసిందా అని అడగాలంటే మనుగడ శాతం కాదు, మొత్తం జనంలో ఆ జబ్బుతో ఎంతమంది చనిపోయారో చూడాలి.

దక్షిణ కొరియాలో జరిగింది చూడండి. 1999లో వేరే క్యాన్సర్ల కోసం మొదలైన పరీక్షలతో పాటు, అదనంగా కాస్త డబ్బు కడితే థైరాయిడ్ అల్ట్రాసౌండ్ కూడా చేసేవారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లు. మరణాల గీత మాత్రం ఉన్నచోటే ఉంది. దొరికిన వాళ్లలో ఎక్కువమందికి గ్రంథి తీసేశారు, వాళ్లలో చాలామంది జీవితాంతం మాత్ర మింగాలి. పసిపిల్లల్లో న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కోసం జపాన్ దేశమంతటా మూత్రపరీక్షలు పెట్టి, ఇలాంటి కారణంతోనే ఆపేసింది.

వెంకట్, డాలస్

అంటే స్క్రీనింగే దండగ అంటారా?

తెల్లకోటు

అనను! ఆ మాట అంటే నేనే ఒప్పుకోను. ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ వాళ్లు దాదాపు లక్షన్నర మంది మహిళలతో ఒక అధ్యయనం చేశారు. పదో తరగతి చదివిన అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి, గర్భాశయ ముఖద్వారానికి పలచటి వెనిగర్ పూసి తెల్లమచ్చ వస్తుందేమో చూడమన్నారు. అనుమానం ఉన్న వాళ్లను ఆసుపత్రికి పంపారు. రెండేళ్లకోసారి ఇంతే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. ఈ పరీక్షలోనూ తప్పుడు పాజిటివ్‌లు బోలెడు. కానీ ఆ క్యాన్సర్‌కు ముందు దశ ఏళ్ల తరబడి ఉంటుంది, ఆ దశలో వైద్యం తేలిక, అనుమానం వచ్చిన మనిషిని తేల్చుకోవడమూ కష్టం కాదు.

దీని పక్కన అండాశయ క్యాన్సర్ కోసం చేసే సీఏ-125 అనే రక్తపరీక్షను పెట్టండి. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా మహిళల మీద ఏళ్ల తరబడి చూశారు, 2021లో తేలింది: మరణాలు తగ్గలేదు. నెలసరిలో, ఎండోమెట్రియోసిస్, ఫైబ్రాయిడ్ల లాంటి క్యాన్సర్ కాని గర్భాశయ సమస్యల్లో కూడా ఆ అంకె పెరుగుతుంది. అయినా మన దగ్గర పండగ ఆఫర్ ప్యాకేజీల్లో అది దర్జాగా కూర్చుంటుంది.

ల్యాబ్ రమణ

ప్యాకేజీల మాట ఎత్తారు కాబట్టి, మాస్టారూ, ఒక సంగతి తేల్చండి. డెబ్బై ఎనభై పరీక్షల ప్యాకేజీ చేయించుకున్న వాడికి ఒక్క అంకె అయినా ముద్దగా, అంటే నార్మల్ బయట ఉన్నట్టు, రాకుండా పోవడం నేను చూడలేదు. ఎందుకిలా?

లెక్కల మాస్టారు

చాలా పరీక్షలకు నార్మల్ రేంజ్‌ను తయారుచేసేదే అలా. ఆరోగ్యవంతులను కొలిచి, మధ్యలో ఉన్న 95 శాతాన్ని నార్మల్ అంటారు. అంటే ఆరోగ్యవంతుల్లోనే ఇరవై మందిలో ఒకరు బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి అన్నీ లోపలే ఉండే అవకాశం 36 శాతం. 64 శాతం మందికి ఏదో ఒకటి ముద్దగా వస్తుంది. నిజానికి ఆ పరీక్షలు కొన్ని ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి అంకె కొంచెం మారుతుంది. డెబ్బై చేయించుకున్న వాడి సంగతి మీరే ఊహించుకోండి.

సందేహాల పుట్ట

అయితే ఏ లక్షణమూ లేని నలభై ఏళ్ల మనిషి ఏం చేయించుకోవాలి? ముక్కుసూటిగా చెప్పండి డాక్టరు గారూ.

తెల్లకోటు

ప్రభుత్వ కార్యక్రమంలో 30 దాటిన వారికి చేసేవే చాలావరకు సరిపోతాయి: బీపీ, షుగరు, నోటి పరీక్ష, మహిళలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు. పొగాకు అలవాటున్న వాళ్లు నోటి పరీక్షను అస్సలు వదలొద్దు. తిరువనంతపురం దగ్గర జరిగిన అధ్యయనంలో పొగాకు, మద్యం అలవాటున్న వారిలో నోరు తెరిపించి చూడటం ఒక్కదానితోనే నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయి. కుటుంబంలో క్యాన్సర్లో గుండెజబ్బులో ఉంటే పట్టిక మారుతుంది, అది మీ డాక్టరుతో మాట్లాడుకోండి. షుగరుకు రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అయితే పరగడుపున రావలసిన పని కూడా లేదు.

పాడేరు ఎంవో

డాక్టరు గారూ, చివరి మాటకు నాది చిన్న సవరణ. సికిల్ సెల్ రోగులకు హెచ్‌బీఏ1సీ చేయించొద్దు. మామూలు ఎర్ర రక్తకణం 120 రోజులు బతుకుతుంది, దానికి అంటిన చక్కెరనే ఆ పరీక్ష కొలుస్తుంది. వీళ్ల కణాలు వారాల్లోనే పోతాయి, చక్కెర అంటుకునే వ్యవధే ఉండదు. అసలు షుగరు ఎక్కువున్నా రిపోర్టు నార్మల్ అంటుంది. మా దగ్గర పరగడుపు షుగరే చూస్తాం. రమణ గారూ, ఏజెన్సీ నుంచి మీ ల్యాబుకు వచ్చే నమూనాల్లో హెచ్‌బీఏ1సీ మరీ తక్కువ వస్తే, రిపోర్టు ఇచ్చే ముందు గ్రాఫ్‌లో వేరే హిమోగ్లోబిన్ శిఖరం ఉందేమో చూస్తారా?

ల్యాబ్ రమణ

మా యంత్రం హెచ్‌పీఎల్‌సీదే కాబట్టి గ్రాఫ్ వస్తుంది, చూస్తాం. చిన్న యంత్రాలున్న చోట గ్రాఫ్ ఉండదు, అంకె ఒక్కటే వస్తుంది. ఫారం మీద సికిల్ అని ఒక్క ముక్క రాసి పంపమని మీ వాళ్లకు చెప్పండి, సగం పని అయిపోతుంది.